పన్నెండో రోజు నుంచి ఆ ఇంటికి ఎవరు వెళ్తారు?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీల్లో రోజూ సంతాప ప్రకటనలు వేస్తారు. పోయినవారి ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, పెద్దకర్మ జరిగే ఫంక్షన్ హాలు పేరు, భోజనాల వేళ, కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్ల పేర్లు. మేము దుఃఖంలో ఉన్నవారితో పనిచేసే సైకాలజిస్టులం, కౌన్సెలర్లం. ఆ ప్రకటనల కింద నాలుగు వరుసల గడి ఒకటి రోజూ వేయమని అడగడానికే ఈ ఉత్తరం. అందులో ఏం ఉండాలో చివర్లో రాశాం. ఎందుకు ఉండాలో చెప్పడానికి మాత్రం కాస్త చోటు కావాలి.

మన పెద్దలు పెట్టిన పదకొండు రోజుల ఏర్పాటు చాలా గొప్పది. దుఃఖంలో ఉన్న మనిషికి ఏం కావాలో తెలిసి పెట్టినట్టే ఉంటుంది. ఇంట్లో పొయ్యి వెలిగించక్కర్లేదు, పక్కింటివారో వియ్యాలవారో క్యారేజీ పంపుతారు. రాత్రిళ్లు ఒంటరిగా పడుకోనివ్వరు. చిన్నకర్మ, అస్థికలు, ధర్మోదకాలు, పిట్టకు పెట్టడం, ఇలా ఏదో ఒక పని ఉంటూనే ఉంటుంది. ఆ పని చేసేటప్పుడు పోయినవారి పేరు పైకి పలకక తప్పదు. వచ్చిన ప్రతివాళ్లూ 'ఎలా జరిగింది' అని అడుగుతారు, ఇంటివాళ్లు ఆ కథే యాభై సార్లు చెప్తారు. అలా చెప్పగా చెప్పగానే 'పోయారు' అన్న మాట నోటికి వస్తుంది. క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడికలు, ముస్లిం ఇళ్లలో భర్త పోయిన స్త్రీ పాటించే 4 నెలల 10 రోజుల ఇద్దత్ కూడా దుఃఖానికి ఒక వ్యవధి ఉంటుందని ఒప్పుకున్న పద్ధతులే.

పన్నెండో రోజు షామియానా విప్పేస్తారు. కుర్చీలు లెక్కపెట్టుకుని ట్రాలీ ఎక్కిస్తారు. చుట్టాలు బస్సు వేళ చూసుకుంటారు, విదేశాల నుంచి వచ్చిన కొడుకు సెలవు అయిపోయిందని విమానం ఎక్కుతాడు. ఇంట్లో మిగిలిన మనిషికి ఆ రోజు వరకూ ఒళ్లు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. ఏం జరిగిందో తెలుసు కానీ లోపలికి దిగదు. ఆ తిమ్మిరి వదలడానికి కొన్ని వారాలు పడుతుంది. అంటే నొప్పి మొదలయ్యే వేళకు ఇల్లు ఖాళీ. మూడో నెలలో 'నాకేదో అయిపోతోంది, పిచ్చెక్కుతుందేమో' అనిపించేది అందుకే. ఆయన దగ్గు వినపడినట్టు, గేటు చప్పుడైనట్టు, జనంలో ఆమె చీర కనపడినట్టు అనిపించడం పిచ్చి కాదు. చాలామందికి జరిగేదే. ఈ ఒక్క మాట ముందుగా చెప్పేవాళ్లు ఉంటే సగం భయం తీరుతుంది.

పోయినవారి ఇంటివాళ్లందరికీ కౌన్సెలింగ్ కావాలని మేము అనడం లేదు. ఎక్కువమంది తమ మనుషుల తోడుతో, తమ పద్ధతిలో మెల్లగా నిలదొక్కుకుంటారు. మానసిక జబ్బు లక్షణాలేవీ లేనప్పుడు అందరికీ వరసపెట్టి చికిత్స ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అదే మార్గదర్శకాల్లో ఇంకో మాట కూడా ఉంది, మన ఊళ్లలో అది ఎవరూ పట్టించుకోనిది: జబ్బు లేని దుఃఖానికి బెంజోడయజెపీన్ రకం నిద్రమాత్రలు ఇవ్వకూడదు. మన దగ్గర ఏం జరుగుతోంది? శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఎవరో ఒకరు మెడికల్ షాపు నుంచి ఆ రకం మాత్రే అయిన అల్‌ప్రాజొలామ్ తెచ్చి 'అక్కకు సగం మాత్ర వేయండి, కాస్త పడుకుంటుంది' అంటారు. సగం మాత్ర నెల తిరిగేసరికి ఒకటి, ఆరు నెలలకు రెండు అవుతుంది. చివరి చూపు చూసింది కూడా మత్తులో మసకగానే గుర్తుంటుంది, 'నేను సరిగా ఏడవనైనా లేదు' అన్న బాధ దానికి తోడవుతుంది. అప్పటికే వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానకూడదు, వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

పత్రికల్లో, టీవీల్లో దుఃఖం గురించి రాసినప్పుడల్లా 'ఐదు దశలు' అంటారు: ఒప్పుకోకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం. దీన్ని కాస్త సరిచేయమని మీ రచయితలకు మనవి. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో ఈ మాట చెప్పింది చావుకు దగ్గరపడిన రోగుల గురించి. వెనక మిగిలిన ఇంటివాళ్లకు దాన్ని తర్వాత అంటించారు. మెట్లు ఎక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి రావాలని నమ్మితే కీడే జరుగుతుంది. 'నాకు కోపం రాలేదు, అంటే నాకు ప్రేమ లేదా?' అనీ, 'ఒప్పుకున్నాను కదా, మళ్లీ ఏడుపెందుకు వస్తోంది?' అనీ మనిషి తనను తానే అనుమానించుకుంటాడు.

దగ్గరగా చూసినవాళ్లకు కనిపించేది వేరు. నెదర్లాండ్స్‌లో పనిచేసిన పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ఒక నమూనా ఇచ్చారు. మనిషి రెండు ఒడ్ల మధ్య ఊగుతుంటాడు. ఒక ఒడ్డున పోయిన మనిషి కోసం ఏడుపు, తలపోత, ఫొటోలు. ఇంకో ఒడ్డున గ్యాస్ బుకింగు, పిల్లల ఫీజు, పొలం కౌలు, బ్యాంకు పని. పొద్దున బ్యాంకులో గట్టిగా మాట్లాడిన మనిషి సాయంత్రం ఆయన చెప్పులు చూసి కుప్పకూలితే అది వెనక్కి పోవడం కాదు, అలా ఊగడమే ఆరోగ్యం. ఊగడం ఆగిపోయి ఏదో ఒక ఒడ్డునే ఇరుక్కుపోయినప్పుడే మా అవసరం పడుతుంది. రోజంతా గదిలోంచి బయటికి రాని తల్లి ఎలా ఇరుక్కుందో, మూడో రోజు నుంచే డ్యూటీకి వెళ్తూ ఇంట్లో ఆ పేరు ఎత్తనివ్వని తండ్రి కూడా అలాగే ఇరుక్కున్నాడు. అమ్మను పట్టుకొస్తారు. నాన్నను ఎవరూ పట్టుకురారు, 'ఆయన గట్టివాడు' అంటారు. ఆ గట్టితనం వెనక రాత్రి క్వార్టర్ సీసా ఉందేమో చూడండి.

ఆ రెండో ఒడ్డు పనుల్లో సాయం చేయడం కూడా దుఃఖానికి చికిత్సే. అది తెలియని కౌన్సెలర్ సగమే పనిచేస్తున్నట్టు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ధ్రువపత్రం కనీసం పది కాపీలు తీయించి ఒక ఫైల్లో పెట్టాలి. మీసేవలోనో సచివాలయంలోనో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాలి. పోయినవారి పాస్‌బుక్కులన్నీ తీసి, మే నెలాఖరు లావాదేవీల్లో 436 రూపాయలు గానీ 20 రూపాయలు గానీ కోత పడిందేమో వెతకాలి. 436 పడితే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. 20 పడి, మరణం ప్రమాదం వల్ల అయితే సురక్షా బీమా, అదీ 2 లక్షలే. ఆ కోత ఏమిటో తెలియక వదిలేసుకున్న కుటుంబాలు కోకొల్లలు. ఉద్యోగి అయితే పీఎఫ్ ఆఫీసులో మూడు ఫారాలు: డబ్బుకు 20, పింఛనుకు 10-డి, బీమాకు 5-ఐఎఫ్. తెలంగాణ రైతు అయితే, వయసు 18 నుంచి 59 మధ్య ఉంటే, రైతు బీమా 5 లక్షల కోసం వ్యవసాయ విస్తరణాధికారిని కలవాలి. రోజుకు ఒక్క ఆఫీసే పెట్టుకోవాలి, తోడు ఒకరు వెళ్లాలి. కౌంటర్ దగ్గర 'సంబంధం ఏమిటి? భార్యా?' అని అడిగినప్పుడు గొంతు పూడుకుపోతుంది, జవాబు చెప్పడానికి పక్కన మనిషి కావాలి.

ఫోను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పోయినవారి సిమ్ము వెంటనే తీసేయకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. రీఛార్జి మానేస్తే నంబరు రద్దవుతుంది, రద్దయి 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అమ్మ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో కొత్త గొంతు 'ఎవరు కావాలి' అంటే ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాట్సాప్ ఖాతా వాడకుండా సాధారణంగా 120 రోజులు దాటితే తొలగిపోతుంది. అందులోని వాయిస్ మెసేజ్‌లు, ఫొటోలు మొదటి నెలలోనే ఇంకో ఫోన్‌లోకీ ఒక పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కించి పెట్టాలి. వినాలా వద్దా అన్నది తర్వాతి మాట. దాచడం మాత్రం ఇప్పుడే చేయాలి.

ఇక కౌన్సెలర్ గదిలో జరిగేది ఏమిటని చాలామంది అడుగుతారు. ధైర్యం చెప్పి పంపిస్తారనుకుంటారు. ధైర్యం చెప్పేవాళ్లు అప్పటికే వందమంది వచ్చి వెళ్లారు. మొదటి సెషన్ గంట నుంచి గంటంబావు ఉంటుంది, తర్వాతవి 45 నుంచి 50 నిమిషాలు, సాధారణంగా వారానికొకటి. చాలామందికి ఆరు నుంచి పది సెషన్లు సరిపోతాయి. మొట్టమొదటి చిక్కు గదిలో ఎవరు కూర్చోవాలన్నది. 'మేమూ ఉంటాం, మాకు తెలియకూడనిది ఏముంటుంది' అని అన్నగారో అత్తగారో కుర్చీ లాక్కుంటారు. భర్తను పోగొట్టుకున్న ఆమె వాళ్ల ఎదుట చెప్పాల్సింది చెప్పలేకపోతుంది. మొదటి పది నిమిషాలు అందరితో, తర్వాత ఆమెతో ఒంటరిగా అని ముందే చెప్పేస్తే ఎవరికీ కోపం రాదు.

'మీరు ఆయన్ని ఏమని పిలిచేవారు?' అని మొదట అడగాలి. మన ఆడవాళ్లు చాలామంది భర్త పేరు పలకరు: మా ఆయన, మా పిల్లల నాన్న, మా బావ. ఆమె ఏ మాట వాడితే గదిలో అదే మాట వాడాలి. కేసు కాగితంలోని పేరు పెట్టి పిలిస్తే ఆ మనిషి పరాయివాడై కూర్చుంటాడు. తర్వాత ఆ రోజు పొద్దున నుంచి రాత్రి దాకా ఏం జరిగిందో వరసగా: కబురు ఎవరు చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు, ఆస్పత్రిలో సంతకం ఎవరు పెట్టారు, ముఖం చూశారా, స్నానం ఎవరు చేయించారు. చెప్తుంటే చేతులు వణికితే అక్కడితో ఆపాలి, తరువాయి వచ్చే వారం. తర్వాత ఒంటి సంగతి. మనవాళ్లు మనసు బాగాలేదని అనరు. గుండెల్లో బరువు, అరికాళ్ల మంటలు, తల దిమ్ము, అన్నం గొంతు దిగట్లేదు అంటారు. అవన్నీ దుఃఖమే కావచ్చు, కాకపోనూ వచ్చు. బీపీ, షుగరు పరీక్షలు రాయించాలి. అరవై దాటిన మగవాళ్లను తప్పకుండా అడగాల్సింది: 'మీ మాత్రలు ఎక్కడుంటాయి?' నలభై ఏళ్లుగా భార్యే తీసి చేతిలో పెట్టేది. ఆమె పోయిన రోజు నుంచి మాత్రలు కూడా ఆగిపోయి ఉంటాయి. ఏడు గళ్ల మాత్రల డబ్బా ఒకటి కొనిపించి, ఆదివారం నింపడం మనవడికి అప్పగించడం లాంటి పని ఆ వారానికి పెద్ద చికిత్స.

అపరాధ భావం దగ్గర పని నెమ్మదిగా సాగుతుంది. 'గ్యాస్ అనుకుని సోడా తాగించాను, అప్పుడే తీసుకెళ్లి ఉంటే...' దీనికి 'నీ తప్పేం లేదమ్మా' అనడం అందరూ చేసే పొరపాటు. ఆ మాటతో ఆమె నోరు మూసేసినట్టవుతుంది, తప్పు లోపలే ఉంటుంది. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు 'ఆ క్షణంలో నాకు తెలిసినవి', కుడివైపు 'తర్వాత తెలిసినవి' అని రాయించాలి. గుండెపోటు అన్న మాట కుడివైపు పడుతుంది. ఎడమవైపు 'రాత్రి బిర్యానీ తిన్నారు, ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే వచ్చి తగ్గింది' అని ఉంటుంది. తన చేత్తో రాసింది చూసుకున్నప్పుడు కలిగే తేడా మనం చెప్తే రాదు. నిజంగా తప్పు ఉన్నచోట, ఉదాహరణకు బండి తనే నడిపి నిద్రలోకి జారిన వాడి విషయంలో, తప్పు లేదని చెప్పకూడదు. ఉన్న తప్పు ఎంతో, దానికి మించి తనను ఎంత శిక్షించుకుంటున్నాడో విడదీయాలి. పోయినవారికి ఉత్తరం రాయించడం ఇక్కడ పనికొస్తుంది: ఇరవై నిమిషాలు, పగటిపూట, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు. రాత్రి పదకొండింటికి రాయమని ఇంటిపనిగా ఇవ్వకూడదు. రాసిన దాన్ని కాల్చేయమని కొందరు చెప్తారు. అక్కర్లేదు, దాచుకుంటానంటే దాచుకోనివ్వాలి.

కొందరిలో దుఃఖం ఏడాది దాటినా మొదటి వారంలా పచ్చిగానే ఉంటుంది. రోజూ అదే తపన, పోయారన్న నమ్మకం కలగకపోవడం, తన సగం తెగిపోయినట్టు ఉండటం, ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం. దీన్ని దీర్ఘశోక రుగ్మత అనవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 దీనికి కనీసం 6 నెలలు దాటాలంటుంది. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ డీఎస్ఎం-5-టీఆర్, 2022లో చేర్చినప్పుడు, పెద్దలకు 12 నెలలు, పిల్లలకు 6 నెలలు అంది. ఆ ప్రాంత సంప్రదాయం ఒప్పుకునే దుఃఖానికి మించి ఉండాలని రెండూ అంటాయి. సంవత్సరీకం దాకా పండగ చేయకపోవడం మన ఆచారం, దాన్ని జబ్బు కింద రాస్తే అది కౌన్సెలర్ అజ్ఞానం. సహజ మరణాల తర్వాత పెద్దల్లో పదిమందిలో ఒకరి దాకా ఈ స్థితి కనిపిస్తుందని పరిశోధనల మొత్తం చెప్తోంది. బిడ్డ పోయినప్పుడు, హఠాత్తుగానో హింసతోనో పోయినప్పుడు ముప్పు ఎక్కువ.

దీనికి కొలంబియా విశ్వవిద్యాలయంలో కేథరిన్ షియర్ రూపొందించిన 16 సెషన్ల చికిత్స ఉంది. అందులో ముఖ్యమైన ఒక పని, కబురు తెలిసిన ఆ ఘడియను కళ్లు మూసుకుని ఇప్పుడే జరుగుతున్నట్టు పైకి చెప్పడం, దాన్ని రికార్డు చేసి ఇంట్లో రోజూ వినడం. ఇంకొకటి, తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెల్లగా వెళ్లడం. వాటిని జాబితా రాసి 0 నుంచి 100 దాకా బాధను అంకెల్లో కొలుస్తారు. ఆస్పత్రి ఉన్న వీధి 90 అయితే, ఆయన కూర్చునే కుర్చీ 40, ఆయన తినే మాగాయ 25. మాగాయతో మొదలుపెట్టాలి. ఇది సరైన శిక్షణ లేనివాళ్ల చేతిలో పడితే పుండు కెలకడమే. రెండు తప్పులు మామూలుగా జరుగుతుంటాయి: పోయిన నెలలోపే ఇది మొదలుపెట్టడం, చెప్పించాక మనిషిని తిరిగి నేల మీదికి తీసుకురాకుండానే టైమ్ అయిందని లేపేయడం. చివరి పదిహేను నిమిషాలు దానికే ఉంచాలి. ఆ తర్వాత ఆ మనిషి స్కూటర్ నడుపుకుంటూ ఇంటికి వెళ్లాలి కదా.

గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికల సంగతి జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెలకు తెలుసు. కబురు వచ్చాక పెట్టె రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంతకాలం దినాలు మొదలుకావు, ఆశా చావదు. వచ్చాక పెట్టె తెరవవద్దంటారు. ముఖం చూడని చావును మనసు నమ్మదు, 'వేరెవరినో పంపారేమో' అన్న అనుమానం ఏళ్లు ఉంటుంది. 2021లో కోవిడ్ సంచిలో చుట్టి ఇచ్చినప్పుడూ ఇదే జరిగింది. ముఖం చూపగలిగే స్థితిలో ఉంటే, ఎలా ఉంటుందో ముందు మాటల్లో చెప్పి, చూస్తానన్నవాళ్లకు చూపించాలి. చూడలేనన్నవాళ్లను బలవంతపెట్టకూడదు. అసలే కుదరకపోతే చేతినో కాలినో తాకనివ్వాలి, చేతి గడియారమో పర్సో ఇప్పించాలి, ఎవరో ఒకరు ఫొటో తీసి సీలు వేసిన కవరులో దాచాలి. కవరు అడిగేది మూడేళ్ల తర్వాతైనా కావచ్చు.

పిల్లల విషయంలో పెద్దలు చేసే తప్పు ప్రేమతోనే చేస్తారు. 'నాన్న ఊరెళ్లాడు', 'నానమ్మ నిద్రపోతోంది', 'దేవుడికి మంచివాళ్లు కావాలి'. మొదటి మాటకు బిడ్డ గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తాడు, రెండోదానికి నిద్రకు భయపడతాడు, మూడోదానికి మంచిగా ఉండటం మానేస్తాడు. 'నాన్న చనిపోయాడు. ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఇక తిరిగి రాడు, నొప్పి కూడా ఉండదు' అని దగ్గరి మనిషి, బిడ్డను పట్టుకుని చెప్పాలి. అడిగినా అడగకపోయినా పిల్లల లోపల మూడు ప్రశ్నలుంటాయి: నా వల్ల జరిగిందా, నువ్వూ చచ్చిపోతావా, నన్ను ఎవరు చూసుకుంటారు. మూడింటికీ జవాబు చెప్పాలి. అరగంట ఏడ్చి వెంటనే ఆటకు పరుగెత్తితే 'వీడికేం తెలుస్తుంది' అనకండి, పిల్లల దుఃఖం అలా ముక్కలు ముక్కలుగానే వస్తుంది. హాస్టల్లో ఉన్నవాళ్లను 'అమ్మకు సీరియస్‌గా ఉంది' అని చెప్పి ఆరు గంటలు బస్సులో తీసుకొచ్చి గుమ్మంలో శవాన్ని చూపడం మానేయాలి. నిజం హాస్టల్ గదిలోనే, దగ్గరి బంధువు చెప్పాలి. మొదటి రోజు బడికి వెళ్లేముందు క్లాస్ టీచర్‌కు కబురు పెట్టాలి, తల్లిదండ్రుల సంతకం అడిగే సమయంలో ఆ బిడ్డ ముఖం చూడగలిగేలా.

భర్త పోయిన స్త్రీకి పదో రోజు గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మెట్టెలు తీయడం ఇంకా చాలా ఊళ్లలో జరుగుతోంది. దుఃఖం మీద అవమానం రుద్దడమే ఇది. కౌన్సెలింగ్‌లో ఏళ్ల తర్వాత బయటపడే గాయం భర్త చావు కాక ఆ తెల్లవారుజాము కావడం ఎంత ఘోరం. మహారాష్ట్రలో కొల్హాపుర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ 2022 మే నెలలో ఈ తంతు వద్దని తీర్మానం చేసింది. మన పంచాయతీలకూ అది చేతనవుతుంది. అప్పటిదాకా ఇంటివాళ్లు చేయగలిగిందొకటి ఉంది. ఐదో రోజులోపు ఆమెను ఒంటరిగా అడగాలి, 'నీకు ఏది ఇష్టం, ఏది వద్దు' అని. ఆమె వద్దన్నది పెద్దల సభలో ఆమె చేత చెప్పించకూడదు, అన్నయ్యో కొడుకో తన మాటగా చెప్పాలి.

ఆత్మహత్యతో పోయినవారి ఇల్లు ఇంకా కష్టం. పంచనామా, పోస్టుమార్టం, ఊరి గుసగుసలు, దానికి తోడు పేపరు క్లిప్పింగు. ఎలా చేసుకున్నారన్న వివరం రాయవద్దని, సంచలన శీర్షికలు పెట్టవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు తెచ్చింది. ఆ క్లిప్పింగును బిడ్డలు ఏళ్ల తరబడి దాచుకుని చదువుతారని మీ విలేకరులకు దయచేసి చెప్పండి. ఏ చావు తర్వాతైనా మిగిలినవారిని సూటిగా అడగాలి: 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. 'ఆయన దగ్గరికి వెళ్లిపోవాలని ఉంది' అని చాలామంది అంటారు. ఎలా అన్నది, ఎప్పుడన్నది కూడా ఆలోచించి ఉంటే అది ఆ రోజే పట్టించుకోవాల్సిన సంగతి. పత్తి, మిరప పండించే ఇళ్లలో అటక మీద పురుగుమందు డబ్బా ఉంటుంది. పదకొండు రోజుల్లో ఒక రోజు ఎవరో ఒకరు దాన్ని ఇంట్లోంచి తీసి, తాళం ఉన్న చోట పెట్టి, తాళంచెవి బయటి మనిషికి ఇవ్వాలి. ఆ ఒక్క పని ఎన్నో ప్రాణాలు నిలుపుతుంది.

చావు కాని నష్టాలకు అసలు దినమే లేదు. విడాకులకు ఎవరూ క్యారేజీ పంపరు. కడుపులోనే పోయిన బిడ్డకు పేరుండదు. మతిమరుపు జబ్బుతో మనిషి ఎదురుగానే ఉండి దూరమైపోతుంటే దాన్ని ఏమని ఏడవాలో తెలియదు. రిటైర్మెంటు రోజు శాలువా కప్పి ఇంటి దాకా దిగబెడతారు, మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆ మనిషి ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఇవన్నీ మా పనిలోకి వచ్చేవే.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నదీ చెప్పాలి, ఎందుకంటే కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టేస్తున్నారు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు ఉంటుంది, అడిగితే చూపాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు లాంటి డాక్టరే, సైకాలజిస్టు కాదు. 'దుఃఖం మీద మీకున్న శిక్షణ ఏమిటి, నేను చెప్పింది ఎవరికి చెప్తారు, ఎవరికి చెప్పరు' అని మొదటి రోజే అడగండి. ప్రాణాపాయం ఉంటే తప్ప గది దాటదని సూటిగా చెప్పేవారు మంచివారు. మూడు సెషన్లలో మరిపిస్తామనేవారు, గత జన్మలోకి తీసుకెళ్తామనేవారు, పోయినవారితో మాట్లాడిస్తామనేవారు, ఏడవకపోతే ఊరుకోనివారు, అందరినీ క్షమించేయాలని పట్టుబట్టేవారు అక్కర్లేదు. ప్రైవేటులో సెషన్‌కు వెయ్యి పైనే అవుతుంది, అది చాలామందికి భారం. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటే అక్కడ చూపించుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆస్పత్రి, విశాఖలో మానసిక వైద్యశాల ఉన్నాయి. 'పిచ్చాసుపత్రి' అన్న మాట అడ్డుపడి వెళ్లనివారికి 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ ఉంది: 14416, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

చుట్టాలకు, స్నేహితులకు చెప్పాల్సింది తక్కువే. 'ఏమైనా కావాలంటే చెప్పండి' అంటే ఎవరూ చెప్పరు. 'గురువారం సాయంత్రం వస్తా, కరెంటు బిల్లు కట్టేస్తా' అనండి. పెద్దకర్మ భోజనాల దగ్గరే ఒకరు కాగితం తీసి, రాబోయే ఆరు నెలల ఆదివారాలను పంచుకోండి: ఈ వారం పిన్ని, పై వారం మేనల్లుడు. వెళ్లినప్పుడు పోయినవారి పేరు ఎత్తండి. కొత్త ఏడుపు తెప్పిస్తామేమో అన్న భయం వద్దు, వాళ్లు మరిచిపోయిందేమీ లేదు. పెళ్లిరోజు, పుట్టినరోజు, మొదటి సంక్రాంతి ఫోన్లో గుర్తుపెట్టుకోండి. వాటికి నాలుగు రోజుల ముందు నుంచే మనిషి కుంగడం మొదలవుతుంది, ఫోన్ అప్పుడే చేయాలి.

సంపాదకుల వారూ, మేము అడుగుతున్న గడి ఇది. సంతాప ప్రకటనల కింద, అదే అక్షరాల సైజులో, డబ్బు తీసుకోకుండా వేయాలి:

'పెద్దకర్మ తర్వాత కూడా ఆ ఇంటికి వెళ్లండి. మూడో నెలలో మరీ ముఖ్యంగా వెళ్లండి. నిద్ర, తిండి లేకపోయినా, బతకాలనిపించకపోయినా టెలి మానస్‌కు ఫోన్ చేయండి: 14416. ఉచితం, తెలుగులో, 24 గంటలూ.'

ఇట్లు,
దుఃఖంలో ఉన్నవారితో పనిచేస్తున్న కొందరు క్లినికల్ సైకాలజిస్టులు, కౌన్సెలర్లు
హైదరాబాద్, విజయవాడ